రికార్డులో మా ఆవిడ

ఫిబ్రవరి 4

బావమరిదికి,

ఇక్కడ అంతా క్షేమమని మొదలుపెట్టాను. మీ అక్క వెనకే నిలబడి, రాసేది పైకి చదవమంటోంది మరి. ఇప్పుడు వంటగదిలోకి వెళ్ళింది కాబట్టి అసలు సంగతి రాస్తాను.

మీ అక్క కళ్ళకు శుక్లాలు బాగా ముదిరాయి. తలుపు అనుకుని బీరువా తీస్తోంది. ఆపరేషన్ చేయిద్దామని మిలటరీ ఆసుపత్రికి తీసుకెళ్ళాను. మాజీ సైనికుల భార్యలకు అక్కడ ఉచితం. బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి రికార్డు ఆఫీసు నుంచి తెప్పించిన మా ఫైలు తెరిచి, ఫోటో చూసి, మీ అక్కని చూసి, "ఈవిడ మీ భార్య కాదండీ" అంది. నేను నవ్వాను. ఆ పిల్ల నవ్వలేదు. ఎడమ చెంప మీద పుట్టుమచ్చ ఉండాలట. వెనక వరసలో ఉన్నవాళ్ళంతా, ఈ వయసులో ఎవర్ని వెంటేసుకొచ్చాడో అన్నట్టు చూశారు. మీ అక్క తల దించుకుని బయటికి వచ్చేసింది. పెళ్ళయిన నాటి నుంచి ఆమె తల దించుకోవడం చూడలేదు నేను.

ఆ ఫోటో కథ నీకు సగమే తెలుసు. మా పటాలం కొండల్లోకి కదలబోతుంటే, పెళ్ళయినవాళ్ళంతా భార్యతో కలిసి దిగిన ఫోటో ఇవ్వాలన్నారు. మర్నాడే ఆఖరు. మీ అక్కకు సరిగ్గా అప్పుడే ఆటలమ్మ పోసి ముఖమంతా పొక్కులు. సాయానికి వచ్చి మా చెల్లెలు ఇంట్లో ఉంది. మీ అక్క తన ఊదారంగు శాలువా తీసి దాని భుజాల మీద కప్పి, "నువ్వెళ్ళి పక్కన కూర్చో. ఆ ఫోటోలు ఎవరు చూస్తారు? ఫైల్లో పడుంటాయి" అంది. పటాలం రైటరు మీ అక్క పేరు రాసుకుని, మా చెల్లెలి చెంప చూసి గుర్తులు రాసుకున్నాడు. ఆ ఉపాయం ఎవరిదో ఇప్పుడు ఇంట్లో గుర్తు చెయ్యడం నా ప్రాణానికి మంచిది కాదు.

నా ఛాతీ సంగతి కూడా రాయాలి. పాత తోలుసంచిలా అయిపోయిందన్నాడు డాక్టరు. ఎన్నాళ్ళని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఇద్దరం మర్యాదస్తులం. పిల్లలు లేని వాళ్ళం. నేను పోయాక నా పింఛనులో సగం మీ అక్కకు రావాలి, అది తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు. దానికోసం ఆమె మళ్ళీ అలాంటి బల్ల ముందే నిలబడాలి. ఈవిడే నా భార్య అని చెప్పడానికి అప్పుడు పక్కన నేనుండను. అదే నా భయం.

రికార్డు ఆఫీసు నీ సెలూన్ ఎదురుగానే కదా. అక్కడి గుమాస్తాలందరి జుట్టూ నీ చేతిలోనే ఉందని కోతలు కోస్తుంటావు. ఫోటో, గుర్తులు మార్చమని దరఖాస్తు దీంతో పంపుతున్నాను. ఆ గొప్పేదో ఇప్పుడు చూపించు.

మీ అక్క మొగుడు


ఫిబ్రవరి 16

బావగారికి నమస్కారాలు.

కోతలు కోసేది జుట్టు మాత్రమేనండీ. దరఖాస్తు ఇచ్చాను. ఆ ఆఫీసులో కప్పుదాకా బీరువాలు, వాటికి నిచ్చెనలు. నిచ్చెన ఎక్కిన మనిషి పైనే కూర్చుని టిఫిను తింటున్నాడు. మీ ఫైలు చూసే గుమాస్తా నా పాత బేరమే. గడ్డానికి సబ్బు రాయగానే కుర్చీలో నిద్రపోతాడు కాబట్టి మేమంతా గురకాయన అంటాం. మంచివాడు. ఫైలు తీయించి, తాడు విప్పి, ఫోటో నా ముందు పెట్టాడు.

మీరు పటాలంలో ఊదే బ్యూగిల్ ఒళ్ళో పెట్టుకుని బిగుసుకుపోయి ఉన్నారు. మీసాలు చూసి నవ్వొచ్చింది. పక్కన ఆవిడ నవ్వు ఆపుకుంటోంది. పెదవి ఒక పక్క కొంచెం లేచి ఉంది. ఊదా రంగు ఫోటోలో నలుపుగానే పడింది కానీ శాలువా ఆవిడకు బాగా నప్పింది. చాలాసేపు చూశానేమో, "ఏంటయ్యా, ఇంటికి పట్టుకుపోతావా ఏంటి?" అని గురకాయన ఫైలు కట్టేశాడు.

ఒక్క మాట జాగ్రత్తగా వినండి. ఆఫీసు నుంచి మీకు ప్రశ్నలు వస్తాయట. ప్రతి మాటకీ లెక్కుంటుందట. ఏ కాగితం వచ్చినా జవాబు రాయకుండా ముందు నాకు పంపండి. గురకాయనకు చూపించి చెప్తాను. అక్క కళ్ళు జాగ్రత్త. బీరువాలో మీరు దాక్కోకండి.

మీ బావమరిది


మార్చి 1

ఒరే బావమరిదీ,

నువ్వు నిజంగానే ఘనుడివి. రికార్డు ఆఫీసు నుంచి అప్పుడే ఉత్తరం వచ్చేసింది. "ఫోటోలో ఉన్న స్త్రీ ప్రస్తుతం ఎక్కడ ఉన్నారో, తగిన ఆధారంతో తెలియజేయండి" అని ఒక్కటే ప్రశ్న. నేను సైన్యంలో ఉన్నన్నాళ్ళూ అడిగిన మాటకు ఆ పూటే జవాబిచ్చినవాణ్ణి. వెంటనే కూర్చుని, ఫోటోలో ఉన్న మనిషి చాలా ఏళ్ళ కిందటే జ్వరంతో చనిపోయిందని రాసి, మా చెల్లెలి మరణ ధ్రువపత్రం జతచేసి, రిజిస్టర్డ్ పోస్టులో పంపేశాను. మీ అక్క కూడా, "ఇంత సూటిగా అడిగేవాళ్ళుంటే పని త్వరగా అవుతుంది" అని సంతోషపడింది.

పోస్టాఫీసు నుంచి వచ్చేసరికి గుమ్మంలో నీ ఉత్తరం ఉంది. జవాబు రాయకుండా నీకు పంపమన్నావు. పోనీలే, నిజమే కదా రాశాను. నిజానికి ఇంకొకరి సలహా ఎందుకు?

ఇక్కడ వేరే విశేషాలు లేవు. పక్కింటివాళ్ళ కుక్క నా దగ్గుకు బదులు చెప్పడం మొదలుపెట్టింది. నేను దగ్గితే అది మొరుగుతుంది. బ్యూగిల్ తీసి తుడిచాను, ఊదబోతే గాలి తప్ప ఏమీ రాలేదు. పొద్దున్నే పటాలం మొత్తాన్ని మంచాల మీంచి లేపినవాణ్ణి, ఇప్పుడు కుక్కను లేపుతున్నాను.

అన్నట్టు నీ ఉత్తరం మీ అక్కకు చదివి వినిపించాను. మా చెల్లెలి గురించి అంత రాశావు, నా గురించి మీసాలు తప్ప ఏమీ రాయలేదేమని అడుగుతోంది. నేనూ అదే అడుగుతున్నాను.

మీ అక్క మొగుడు


మార్చి 19

బావగారికి,

ఎలా రాయాలో తెలియక నాలుగు కాగితాలు చింపాను. మీ రికార్డు సవరించారు. చాలా త్వరగా సవరించారు. "భార్య: మరణించినది" అని.

గురకాయన పాపం ఆ వార్త నాకు సంబరంగా చెప్పాడు. పని అయిపోయిందనుకున్నాడు. నేను చేతిలో కత్తి పక్కన పెట్టేశాను, లేకపోతే ఆయన గొంతు దగ్గర ఏం జరిగేదో. "అయ్యా, పోయింది ఆయన చెల్లెలు, భార్య కాదు!" అన్నాను. "ఫైల్లో ఉన్న ఫోటో ఎవరిది? భార్యది. ఫోటోలో మనిషి పోయిందని రాసిందెవరు? ఆయనే, సొంత చేత్తో" అన్నాడు. ధ్రువపత్రంలో పేరు వేరే కదా అంటే, పెళ్ళికి ముందు పేరేమో అనుకున్నారట. మొదటి దరఖాస్తు సంగతేమిటంటే, అది ఇంకో విభాగంలో ఉందట. చావులు చూసే విభాగం వేరే. ఆ విభాగం చురుగ్గా పని చేస్తుంది.

చావు కొట్టేయించాలంటే ధ్రువపత్రం ఇచ్చిన చోటే దాన్ని రద్దు చేయించాలి. ఎలా రద్దు చేస్తారు? ఆవిడ నిజంగానే పోయింది కదా.

తప్పు మీది కాదు, నాది కాదు, గురకాయనది కూడా కాదు. ఎవరి మీద కోప్పడాలో తెలియక షాపు మూసి కూర్చున్నాను. అక్కకి మీరే చెప్పండి. నాకు ధైర్యం చాలదు.

బావమరిది


ఏప్రిల్ 6

బావమరిదికి,

మీ అక్కకి చెప్పాను. "అయితే వంట ఎవరు చేస్తున్నట్టు?" అంది. నవ్వాను. తను నవ్వలేదు.

ఇక కాగితాలతో లాభం లేదని మనిషినే తీసుకెళ్ళాను. పింఛను ఆఫీసులో పెద్ద అధికారి ముందు మీ అక్కను నిలబెట్టి, "ఇదిగోండి, నా భార్య. బతికే ఉంది" అన్నాను. ఆయన చాలా మర్యాదస్తుడు. లేచి నిలబడ్డాడు, కుర్చీ వేయించాడు, మంచినీళ్ళు తెప్పించాడు. "అమ్మా, మీరు నాకు కనిపిస్తున్నారు. నేను కాదనడం లేదు. కానీ నాకు కనిపించడం కాదమ్మా కావలసింది" అన్నాడు. మా పెళ్ళి కాగితం ఉందా అని అడిగాడు. మా పెళ్ళి చేసింది పెద్దలు, ఆఫీసులు కావు. ఆ పెద్దలెవరూ ఇప్పుడు లేరు. పక్కింటివాళ్ళ సాక్ష్యం పనికొస్తుందా అంటే, మేమిద్దరం కలిసి ఉంటున్నామని మాత్రమే వాళ్ళు చెప్పగలరట. కలిసి ఉండటం వేరు, భార్య కావడం వేరట.

తిట్టేవాడైతే తిరిగి తిట్టేవాణ్ణి. ఆయన మమ్మల్ని గుమ్మం దాకా సాగనంపాడు. మెట్ల మీద నాకు ఆయాసం వచ్చి కూర్చుండిపోయాను. మీ అక్క నా వీపు నిమురుతూ, "చచ్చినదాన్ని నేను, ఊపిరాడనిది మీకు. బాగుంది వరస" అంది. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. రాయడానికి సిగ్గేమీ లేదు.

ఏదైనా దారి చూడరా. నాకు వేరే ఎవరున్నారు?

మీ బావ


ఏప్రిల్ 20

బావగారికి,

దారి ఒకటి ఉంది. చదివి నన్ను తిట్టుకోకండి. గురకాయన మెలకువగా ఉండగానే చెప్పాడు, ఇంకో ఇద్దరు గుమాస్తాలను కూడా కనుక్కున్నాను.

రికార్డు ప్రకారం మీరు భార్య పోయిన మనిషి. భార్య పోయిన మాజీ సైనికుడు మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చు. రిజిస్ట్రారు దగ్గర చేసుకుని ఆ కాగితం, కొత్త ఫోటో పంపితే కొత్త భార్యను ఎక్కిస్తారు. అంటే మీరు మా అక్కను మళ్ళీ పెళ్ళి చేసుకోవాలి. ఒకే పేరు ఇద్దరు భార్యలకు ఉండకూడదని రూల్లో ఎక్కడా లేదట. కాకపోతే మొదటి భార్య పోయిందని మీరు ప్రమాణం చేసి సంతకం పెట్టాలి.

ఇంకో సంగతి. అడగాలా వద్దా అని ఆలోచించాను. కొత్త ఫోటో ఎక్కిస్తే పాతది రద్దు చేసి మీకే తిప్పి పంపుతారట. దాన్ని నాకు ఇస్తారా?

మీరిద్దరూ అడిగారు కాబట్టి చెప్తున్నాను. మీ పెళ్ళయ్యాక వరస ప్రకారం మీ చెల్లెలు నాకు మరదలే. మనసులో అనుకున్నాను. అప్పటికి నాకు షాపు లేదు, ఒకరి షాపులో నేల ఊడ్చేవాణ్ణి. షాపు పెట్టాక వచ్చి అడుగుదామనుకున్నాను. పెట్టేలోపు జ్వరం వచ్చింది. ఆవిడకు తెలుసో లేదో కూడా నాకు తెలియదు. నా దగ్గర ఆవిడ ఫోటో ఒక్కటీ లేదు. మీ దగ్గరా లేదని నాకు తెలుసు. లోకం మొత్తం మీద ఉన్నది ఆ ఫైల్లోనే.

ఇక దాని గురించి మాట్లాడను. పెళ్ళి సంగతి ఆలోచించండి.

బావమరిది


మే 9

బావమరిదికి,

నీ ఉత్తరంలో ఒక భాగం మీ అక్క రెండుసార్లు చదివించుకుంది. పెళ్ళి గురించినది కాదు, రెండో సంగతి. "వాడు చెప్పి ఉంటే నేనే చేసేదాన్ని కదా" అని మీ అక్క అంటూనే ఉంది. మా చెల్లెలికి తెలుసో లేదో నాకూ తెలియదు. నీ క్రాపు బాగుంటుందని మాత్రం ఒకసారి అంది. ఉన్నది చెప్తున్నాను, అంతకు మించి కల్పించలేను.

పెళ్ళి సంగతి అంత సులువుగా తేలలేదు.

"నేను బతికుండగానే పోయానని మీరు సంతకం పెడతారా?" అంది మీ అక్క.

"నువ్వు కాదే, రికార్డులో ఉన్న మనిషి" అన్నాను.

"ఆ మనిషికి నా పేరే కదా పెట్టారు?"

ఆ తర్వాత కొన్నాళ్ళు గిన్నెల చప్పుడే తప్ప మా ఇంట్లో మాటల్లేవు. చివరికి ఒక పొద్దున తనే వచ్చి పక్కన కూర్చుంది. "నా శాలువా కప్పుకుని నా పేరు మోసింది ఆ పిల్ల. ఇప్పుడు నా చావు కూడా మోస్తోంది. దాని పేరున ఉన్నది ఆ ఒక్క చావు కాగితం, అది కూడా మనం లాగేసుకున్నాం" అని ఏడ్చింది. ఏడ్చి, ముఖం కడుక్కుని, "పెట్టండి సంతకం" అంది.

పెట్టాను.

రిజిస్ట్రారు కుర్రవాడు. "అమ్మా, ఇష్టపూర్వకంగానే చేసుకుంటున్నారా?" అని అడిగాడు. "ఈసారి కాస్త ఆలోచించుకోవాలి బాబూ" అంది మీ అక్క. ఎవరికైనా అభ్యంతరాలుంటే చెప్పమని మా ఇద్దరి పేర్లు గోడకు అంటించారు. నెల గడువట. అభ్యంతరం చెప్పగల పెద్దలు మాకు ఎవరూ మిగల్లేదు. కాబట్టి పెళ్ళి ఖాయమే అనుకో. కత్తెర పట్టుకుని ముందురోజే వచ్చెయ్యి. పెళ్ళికొడుకు జుట్టు చెవుల మీదకి వచ్చింది.

మీ అక్కకు కాబోయే మొగుడు


జులై 12

బావగారికి, అక్కకి,

పెళ్ళి నుంచి వచ్చాక కూడా మా గుమాస్తా బేరాలందరికీ ఆ సంగతే చెప్పుకున్నాను. మీకు గడ్డం గీస్తుంటే అక్క పక్కన నిలబడి "ఇక్కడ కొంచెం మిగిలింది" అని వేలితో తడిమి చూపించడం, ఫోటోకు అదే శాలువా కప్పుకుని కూర్చోవడం, ఫోటోగ్రాఫరు నవ్వమంటే "ఎటు చూసి నవ్వాలి బాబూ?" అనడం. గురకాయన నిద్ర మానేసి విన్నాడు. కాగితాలు తనే దగ్గరుండి ఎక్కించాడు. కొత్త ఫోటో ఫైల్లోకి వెళ్ళింది. అక్క పేరు పక్కన "భార్య" అని నా కళ్ళతో చూశాను. పాత ఫోటో మీకు పోస్టులో వస్తుంది.

ఇక్కడితో ఆపితే బాగుండేది. ఆపలేను.

ఫైలు పై విభాగానికి వెళ్ళి ఒక చీటీతో తిరిగొచ్చింది. ఉద్యోగం దిగిపోయాక చేసుకున్న పెళ్ళి అయితే, పెళ్ళి తర్వాత ఆ మనిషి పూర్తిగా ఒక ఏడాది బతికి ఉండాలట. అప్పుడే భార్యకు పింఛను హక్కు. ఆసుపత్రి కార్డు కూడా అప్పుడే. పోయేముందు డబ్బు కోసం ముసలివాళ్ళను చేసుకునే ఆడవాళ్ళుంటారని ఆ రూలు పెట్టారట. గురకాయనకు ఈ సంగతి నిజంగా తెలియదు. నా కుర్చీలో కూర్చుని, "నేనే చెప్పి చేయించానయ్యా" అని తల పట్టుకున్నాడు. ఆయన తల పట్టుకోవడం ఎప్పుడూ నా పని.

బావగారూ, మీ డాక్టరు ఏమన్నాడో పెళ్ళిరోజున అక్క నాకు చెప్పింది. మీరు అడగలేదు కానీ తను వెళ్ళి అడిగిందట. వచ్చే చలికాలం గడవడం కష్టమన్నాడట. అది మీకు చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకుంది. ఇప్పుడు ఒట్టు తప్పి రాస్తున్నాను. తప్పకుండా ఎలా రాయాలో నాకు తెలియలేదు. నాకేమీ తోచడం లేదు. క్షమించండి.

బావమరిది


జులై 25

ఒరే బావమరిదీ,

ఒట్టు తప్పినందుకు బాధపడకు. డాక్టరు మాట మీ అక్కకు తెలుసని నాకు తెలుసు. నాకు తెలుసని తనకు మాత్రం తెలియదు. కాబట్టి నీ ఉత్తరంలో ఆ భాగం వదిలేసి మిగతాది చదివి వినిపించాను. చూపు లేకపోవడం వల్ల ఇలాంటి సదుపాయం కూడా ఉంది.

ఏడాది సంగతి విని మీ అక్క లేచి వెళ్ళి కిటికీలు మూసింది. ఇంత ఉక్కలో ఎందుకే అంటే, గాలి తగులుతుంది అంది. అప్పట్నుంచి నన్ను మెట్లు దిగనివ్వడం లేదు. గంజి చల్లారనివ్వడం లేదు. బ్యూగిల్ ఎక్కడో దాచేసింది, ఊపిరి దండగ అని. పక్కింటి కుక్క మొరిగితే చాలు, నేను దగ్గానేమోనని పరిగెత్తుకొస్తుంది, దారిలో ఏదో ఒకదానికి కాలు తగిలించుకుంటుంది. నేనూ నిద్రలేచి ముందు ఒక ఊపిరి పీల్చి చూసుకుంటున్నాను. ఇన్నాళ్ళూ ఊపిరితోనే ఉద్యోగం చేశాను. మళ్ళీ అదే ఉద్యోగంలో చేరినట్టుంది, ఈసారి పై అధికారి మీ అక్క. నేను కోరుకున్నది నా తర్వాత తను ఎవరి ముందూ తల దించుకోకుండా ఉండాలని. ఇప్పుడు నేను పోతే తనకు నష్టం అనుకుంటూ పోవాలి. చావుకు కూడా సెలవు దొరకని చోటికి తెచ్చి పడేశారు. ఎవర్ని తిట్టాలో నీకూ తెలియదు, నాకూ తెలియదు.

ఫోటో వచ్చింది. మూల మీద "రద్దు" అని ముద్ర కొట్టారు. పుణ్యం కొద్దీ అది నా బూట్ల మీద పడింది, మా చెల్లెలి ముఖం మీద పడలేదు. మీ అక్క కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి, కళ్ళకు ఆనించుకుని చూసింది. కనిపించిందో లేదో అడగలేదు. "శాలువా నాదే" అంది.

ఇదిగో, దీంతో నీకు పంపుతున్నాను. నా వైపు కత్తిరించెయ్యి, కత్తెర నీ దగ్గరే ఉందిగా. భుజం దగ్గర జాగ్రత్తగా కత్తిరించమని, శాలువా అంచు తెగకూడదని మీ అక్క చెప్పమంటోంది.

ఉత్తరం పొడుగైందని విసుక్కోకు. మీ అక్క పక్కనే కూర్చుని కలం చప్పుడు వింటోంది. నా ఊపిరి చప్పుడు ఆమెకు అందడం లేదట, కలం చప్పుడు అందుతోందట. ఆపితే "ఏమైంది?" అని చెయ్యి పట్టుకుంటుంది. అందుకని రాయవలసింది అయిపోయినా రాస్తూనే ఉన్నాను.

మీ అక్క మొగుడు